అనుభవం ఒకరిది, అక్షరం ఇంకొకరిది: సృజన చర్చపై నల్లమల అంచు నుంచి ఒక సమీక్ష

అనుభవం లేనిదే సృజన లేదని కొందరు, అనుభవం ఎంతున్నా ప్రతిభ లేకపోతే అది సృజన కాదని మరికొందరు వందేళ్లుగా తెలుగులో వాదించుకుంటున్నారు. ఈ మధ్య ఆ వాదనలోకి మూడో పక్షం దూరింది. ఆకలి తెలియని, వలస పోని, ఎవరినీ పోగొట్టుకోని యంత్రం కూడా అడిగితే కరువు మీద కవిత రాసిస్తోంది. దాంతో మొదటి పక్షం కంగారు పడింది, రెండో పక్షం కూడా నెమ్మదిగా లేదు. ఎవరి మాట వాళ్లు గట్టిగా చెబుతున్నారు కానీ ఎదుటివాళ్లు ఏ ప్రశ్నకు జవాబు చెబుతున్నారో వినడం తగ్గింది.

ఈ చర్చ చిక్కుపడటానికి కారణం అందులో మూడు వేర్వేరు ప్రశ్నలు కలిసిపోవడమే. రచన ఎక్కడ పుడుతుంది అన్నది ఆలంకారికులు అడిగిన ప్రశ్న. ఎవరి బతుకును ఎవరు చెప్పాలి అన్నది ఉద్యమాలు తెచ్చిన ప్రశ్న. చెప్పాలనుకున్న మనిషికి తీరిక, నేర్పు, వినే చెవి ఎక్కడి నుంచి వస్తాయి అన్నది మూడోది. ఈ మూడోదాన్ని ఎవరూ తమదిగా తీసుకోలేదు. మిగతా రెండూ తేలకపోవడానికి అదే కారణమని ఈ వ్యాసం వాదన. దాన్ని పరీక్షించడానికి పశ్చిమ ప్రకాశం అనువైన చోటు. యర్రగొండపాలెం, మార్కాపురం, గిద్దలూరు, కంభం, దోర్నాల ప్రాంతంలో కరువు, ఫ్లోరైడ్ నీళ్లు, అడవి, రాయి, వలస అన్నీ ఉన్నాయి. అనుభవమే సృజనకు మూలమైతే ఇక్కడి నుంచి రావలసినంత సాహిత్యం రావాలి. కానీ తెలుగు సాహిత్య పటంలో ఈ ఊళ్ల పేర్లు అరుదుగా వినిపిస్తాయి.

రసం నుంచి రిక్షా దాకా

పాత అలంకారశాస్త్రానికి కవి సొంత బతుకుతో పెద్దగా పని లేదు. భరతుడి రససూత్రాన్ని వివరించిన భట్టనాయకుడు సాధారణీకరణం అనే భావన తెచ్చాడు. రంగస్థలం మీది దుఃఖం రాముడిదీ కాదు, నటుడిదీ కాదు, చూసేవాడిదీ కాదు. ఎవరికీ చెందకుండా పోయినందువల్లే అది రసమవుతుంది. అభినవగుప్తుడు దాన్ని ఇంకా లోతుకు తీసుకెళ్లి, ఆస్వాదించగల సహృదయుణ్ణి కేంద్రంలో నిలబెట్టాడు. అంటే మన ఆలంకారికులు వినేవాడి సంగతి మరిచిపోలేదు. ఆ సహృదయుడు ఎవరై ఉండాలో మాత్రం చెప్పకుండానే తేల్చేశారు. సంస్కృతం చదివిన, సభలో కూర్చునే యోగ్యత ఉన్న మగవాడే సహృదయుడు. ఆ సభ బయట పుట్టిన పాటను రసం కాదని వాళ్లెక్కడా రుజువు చేయలేదు. వాళ్ల చెవిన అది పడనే లేదు.

ఈ మాటకు ఒక మినహాయింపు చెప్పుకోవాలి. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్ర పర్వత ప్రకరణంలో శివరాత్రికి శ్రీశైలం చేరిన జనం పాడే పాటలను, ఆడే ఆటలను, బొమ్మలాటలను వివరంగా రాసుకొచ్చాడు. శ్రీశైలానికి తూర్పు ద్వారంగా చెప్పుకునే త్రిపురాంతకం ఇప్పటి యర్రగొండపాలెం నియోజకవర్గంలోనే ఉంది. ఆ దారిన నడిచిన పేరులేని కళాకారుల గురించి మనకు తెలిసిన కాస్తా ఒక శివకవి వాళ్లను విన్నందువల్లే తెలిసింది.

ఇరవయ్యో శతాబ్దంలో తూకం కవి వైపు మొగ్గింది. కట్టమంచి రామలింగారెడ్డి 1914లో కవిత్వతత్త్వ విచారముతో ప్రబంధాల అలంకార వ్యామోహాన్ని నిలదీశారు. కృష్ణశాస్త్రి కృష్ణపక్షం 1925లో వచ్చేసరికి కవి ఏకాంత వేదనే కవిత్వానికి హామీ అయింది. 1930ల్లో రాసి 1950లో పుస్తకంగా వచ్చిన మహాప్రస్థానంతో శ్రీశ్రీ ఆ ‘నేను’ను జనంలో కలిపాడు. 1943లో తెనాలిలో మొదలైన అభ్యుదయ రచయితల సంఘానికి అనుభవమంటే వర్గానుభవం. ఇంచుమించు ఇదే కాలంలో పాశ్చాత్య సాహిత్యంలోనూ తగాదా నడిచింది. కవిత్వం వ్యక్తిత్వాన్ని వెల్లడించడం కాదు, దాన్నుంచి తప్పించుకోవడమన్న ఎలియట్ వాదం 1919 నాటిది. 1936లో వాల్టర్ బెన్యామిన్ ఇంకో కోణం పట్టుకున్నాడు. కథ చెప్పే కళ చచ్చిపోతోందని, నోటి నుంచి నోటికి అనుభవాన్ని అందించే శక్తి మనుషుల్లో తగ్గిపోతోందని, చేతిపని చేసే చోట్ల పెరిగిన ఆ కళ ఆ పనులతో పాటే పోతోందని అన్నాడు. ఈ చర్చలో నాకు అన్నిటికన్నా పనికొచ్చేది ఈ మాటే. అనుభవం గురించి మాట్లాడుతూ, అది చేతులు మారే చోటు గురించి ఆలోచించినవాడు అతడు.

1965లో దిగంబర కవులు తమ మొదటి సంపుటిని హైదరాబాదులో అర్ధరాత్రి ఒక రిక్షా కార్మికుడి చేత విడుదల చేయించారు. సాహిత్య సభల మర్యాద మీద అది పెద్ద దెబ్బ. ఆ సాహసాన్ని తక్కువ చేయనక్కర్లేదు. అయినా రిక్షావాడు ఆ రాత్రి పుస్తకం ఆవిష్కరించాడే తప్ప, పుస్తకంలోకి రాలేదు. 1970లో విప్లవ రచయితల సంఘం ఏర్పడ్డాక శ్రామికుడి జీవితం తెలుగు సాహిత్యానికి ప్రధాన వస్తువైంది. ఆ వస్తువును చేపట్టిన చేతులు ఎక్కువగా అధ్యాపకులవి, ఉద్యోగులవి.

కారంచేడు తర్వాత

1985 జూలై 17న అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో జరిగిన దళితుల ఊచకోత, 1991 ఆగస్టు 6న చుండూరులో జరిగిన ఊచకోత తెలుగు సాహిత్యంలో ప్రశ్న రూపాన్నే మార్చాయి. వర్గం పేరుతో మాట్లాడుతున్నవాళ్లు కులం గురించి ఎందుకు మాట్లాడలేదన్న నిలదీతతో దళిత కవిత్వం వచ్చింది. చిక్కనవుతున్న పాట (1995), మద్దూరి నగేష్‌బాబు వెలివాడ, సతీష్‌చందర్ పంచమ వేదం, ఆ వెనకే 1998లో ముస్లిం కవుల జల్‌జలా వచ్చాయి. అప్పటికే నీలిమేఘాలు (1993) స్త్రీల అనుభవాన్ని కవిత్వ చర్చ నడిబొడ్డుకు తెచ్చింది. ఈ ధోరణులన్నీ ఉమ్మడిగా చెప్పింది ఒకటే: మా బతుకు మేమే చెప్పుకుంటాం. ఇన్నాళ్లూ మీరు చెప్పినదాంట్లో మేం లేం, మీ జాలి ఉంది.

తమది కాని బతుకును ఊహతో రాయవచ్చనే సానుభూతివాదులు దీనికి ఇచ్చే జవాబు కూడా బలహీనమైనది కాదు. ఉన్నవ లక్ష్మీనారాయణ 1922లో మాలపల్లి రాశారు. బ్రిటిష్ ప్రభుత్వం దాన్ని నిషేధించిందంటే ఆ నవల ఎక్కడో తగిలిందనే అర్థం. పందులు కాచే ముసలివాడి ఒక్క రాత్రి పోరాటాన్ని కేశవరెడ్డి ‘అతడు అడవిని జయించాడు’ నవలలో రాసిన తీరు చూశాక, పరకాయ ప్రవేశం అసాధ్యమని అనడం కష్టం. ఊహ అంటేనే తనది కానిదాన్ని తనదిగా చేసుకోగలగడం కదా అని వీళ్లు అడుగుతారు. ఎవరి గురించి వాళ్లే రాయాలంటే సాహిత్యం ఆత్మకథల గుట్టగా మిగలదా అని కూడా.

ఈ వాదన తెలుగు గడ్డ దాటి కూడా సాగింది. గోపాల్ గురు, సుందర్ సరుక్కై కలిసి రాసిన 2012 నాటి ఇంగ్లిష్ పుస్తకంలో ఇద్దరూ ఒకరితో ఒకరు విభేదిస్తూనే నడుస్తారు. అంటరానితనాన్ని బతకని వాళ్లు దాని గురించి సిద్ధాంతం చేయడంలో నైతికమైన లోటు ఉందని గురు అంటాడు. అనుభవానికి సొంతదారు కావడం, దానికి కర్త కావడం ఒకటి కాదని సరుక్కై విడదీస్తాడు. నాకు జరిగింది నాదే, కానీ దాన్ని నేను ఎంచుకోలేదు. ఈ విభజన పదునైనదే. దీన్ని పట్టుకుని ‘అయితే ఎవరైనా రాయొచ్చు’ అన్న నిర్ణయానికి దూకేవాళ్లు మాత్రం తొందరపడుతున్నారు. ఇంకో వైపు చరిత్రకారిణి జోన్ స్కాట్ 1991లోనే అనుభవాన్ని తిరుగులేని సాక్ష్యంగా తీసుకోవద్దని హెచ్చరించింది. మనిషి తన అనుభవాన్ని తనకు అందిన మాటల్లోనే గుర్తుపడతాడు, ఆ మాటలను అతడికి ఇచ్చింది సమాజమే అని ఆమె వాదం.

ఇంత జరిగినా రెండు పక్షాలూ ఒక విషయంలో కలిసే ఉన్నాయి. రచన రచయిత లోపల తయారవుతుందని ఇద్దరూ నమ్ముతారు. లోపల ఉండాల్సింది అనుభవమా, ఊహా అన్న చోటే తగాదా. బయట ఏముండాలో ఇద్దరూ పెద్దగా అడగలేదు.

పలక, పెంట, వలస

ఆ బయట ఏముందో పశ్చిమ ప్రకాశంలో చూద్దాం. 1928 నంద్యాల సభలో ‘రాయలసీమ’ పేరు పుట్టినప్పుడు మార్కాపురం, కంభం తాలూకాలు కర్నూలు జిల్లాలో ఉన్నాయి. 1970 ఫిబ్రవరిలో గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల ముక్కలు కలిపి ఒంగోలు జిల్లా చేశారు. 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. అప్పటి నుంచి ఈ ప్రాంతం వానల లెక్కలో సీమ, కాగితాల లెక్కలో కోస్తా. రాయలసీమ అంటే నాలుగు జిల్లాలన్న వాడుక స్థిరపడ్డాక సీమ కరువు కథల చర్చలో దీనికి పీట వేసేవాళ్లు లేరు. డెల్టా పచ్చదనం చుట్టూ అల్లుకున్న కోస్తా సాహిత్య చరిత్రలోనూ ఇది ఇమడదు. జిల్లా గీత మారితే కరువు మారదు కానీ కరువు గురించి రాసినదాన్ని ఎవరు చదువుతారన్నది మారుతుంది. మార్కాపురం జిల్లా కోసం సాగిన ఆందోళనల్లో ఆఫీసుల దూరం, వెలిగొండ ప్రాజెక్టు నీళ్లు వినిపించినంతగా ఈ సంగతి వినిపించలేదు. వినిపించాలని ఆశించడమూ న్యాయం కాదేమో.

ఇక్కడి చేతిపనిలో పేరున్నది మార్కాపురం పలక. భూమిలోంచి తీసిన రాయిని పొర చూసి, ఉలి పెట్టి, పగలకుండా పలచగా చీల్చడం చూసి నేర్చుకోవలసిన పని. ఒక పొర తప్పితే రాయి చెక్కలవుతుంది. తెలుగు నాట తరాల తరబడి పిల్లలు ‘అ ఆ’లు దిద్దింది ఈ రాతి మీదే. అయితే 1988లో కేంద్రం జాతీయ బాలకార్మిక ప్రాజెక్టు మొదలుపెట్టినప్పుడు తొలి విడతలో ఎంచుకున్న కొద్ది చోట్లలో శివకాశి అగ్గిపెట్టెలు, ఫిరోజాబాద్ గాజు సరసన మార్కాపురం పలకల పరిశ్రమ కూడా ఉంది. ఊరి పిల్లలంతా రాసుకునే పలకలను బడికి పోని పిల్లలు తయారుచేశారు. అనుభవానికి, అక్షరానికి మధ్య ఎంత దూరం ఉండగలదో చెప్పడానికి ఇంతకు మించిన రుజువు వెతకనక్కర్లేదు. ఆ పిల్లలకు రాయి గురించి తెలిసినది ఏ కవికీ తెలియదు. దాన్ని రాయడానికి కావలసిన మొదటి వస్తువు వాళ్ల చేతుల్లోనే ఉండి కూడా వాళ్లది కాలేదు.

తర్వాత ప్లాస్టిక్ పలకలు, నోటుపుస్తకాలు వచ్చి రాతిపలకకు గిరాకీ పోయింది. పరిశ్రమ గోడలకు, నేలకు వేసే స్లేటు టైల్స్ వైపు, ఎగుమతుల వైపు మళ్లింది. దీన్ని సంప్రదాయం చావుగా చూసేవాళ్లున్నారు, కొత్తదారి పట్టిన సృజనగా చూసేవాళ్లూ ఉన్నారు. అనంతపురం వైపు నిమ్మలకుంట తోలుబొమ్మల మీదా ఇదే తగాదా. రాత్రంతా రామాయణం ఆడిన బొమ్మల నేర్పు ఇప్పుడు దీపపు తొడుగుల్లోకి, గోడ అలంకరణల్లోకి వెళ్లింది. అక్కడి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. నేర్పు బతికింది, కడుపు నిండింది, ఆట పోయింది. బొమ్మకు కొనేవాడు దొరికాడు కానీ రాత్రంతా మేలుకుని చూసేవాడు దొరకలేదు. పలక విషయంలో కథ ఇంకా పొట్టిది. టైలు కొన్న విదేశీయుడికి దాని మీద ఎవరైనా ఎప్పుడైనా రాశారన్న సంగతే తెలియనక్కర్లేదు.

కంభం చెరువు దీనికి కాస్త పక్కనున్న ఉదాహరణ. గుండ్లకమ్మకు అడ్డంగా రెండు కొండల నడుమ కట్టిన ఈ విజయనగర కాలపు చెరువును 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ వారసత్వ కట్టడంగా గుర్తించింది. కట్టించిన రాణి వరదరాజమ్మ పేరు జనం నోట నిలిచింది. కొండల మధ్య సందు చూసి ఇక్కడ కట్టాలని కనిపెట్టిన మనిషి పేరు నిలవలేదు. సృజనకు కర్త పేరు కావాలనే పట్టుదల మన కాలానిదే. అది లేని కాలంలోనూ పేరు మొత్తంగా చెరిగిపోలేదు, డబ్బు పెట్టినవాళ్లది మిగిలింది.

అడవి వైపు సంగతి మరీ విచిత్రం. దోర్నాల, యర్రగొండపాలెం, పుల్లలచెరువు మండలాల్లో పెంటలని పిలిచే చెంచు గూడేలున్నాయి. పాలుట్ల లాంటివి దట్టమైన అడవి లోపల ఉన్నాయి. చెంచుల తల్లిభాష తెలుగే. వాళ్లను 1970ల మధ్యలో ఆదిమ గిరిజన తెగగా గుర్తించారు. 1978లో అభయారణ్యం, 1983లో పులుల రిజర్వు వచ్చాక వాళ్ల అడవి మీద నిబంధనలు పెరిగాయి. ఈ చెంచుల గురించి తెలుగువాళ్లు చేసుకున్న సృజనకు కొదవ లేదు. అహోబిల నరసింహుడు పెళ్లాడిన చెంచులక్ష్మి కథ యక్షగానమైంది, వీధినాటకమైంది. 1943లో కమలా కోట్నిస్‌తో, 1958లో అంజలీదేవి, అక్కినేనితో సినిమా అయింది. శ్రీశైల మల్లన్న చెంచు మల్లయ్య అయ్యాడు. 1943లోనే హైమెండార్ఫ్ ఇంగ్లిష్‌లో వాళ్ల మీద పెద్ద పుస్తకం వేశాడు. ఒకే ఏడాది మద్రాసు సినిమాకూ లండన్ మానవశాస్త్రానికీ చెంచు వస్తువయ్యాడు. రెండు చోట్లా చెంచు మాట్లాడలేదు, సినిమాలో పాడింది కూడా చెంచు వేషమే.

చెంచుల్లో సృజన లేదనుకుంటే పొరపాటు. కొండచరియ మీది తేనెపట్టు తీయడానికి తాడు మీద వేలాడేవాడికి పైన తాడు పట్టుకునేది బావమరిదే కావాలన్న కట్టుబాటు గురించి విన్నవాళ్లకు, ఒక సమాజం నమ్మకాన్ని ఎంత తెలివిగా బంధుత్వంలో ముడేసిందో అర్థమవుతుంది. పాటలున్నాయి, కథలున్నాయి, జంతువు అడుగును చదివే విద్య ఉంది. అటవీశాఖ పులుల కాపలాకు ఆ విద్యను కూలికి వాడుకుంటోంది కూడా. గిరిజన సహకార సంస్థ తేనె కొంటుంది, బంక కొంటుంది. చెంచు పాటకు మాత్రం ఏ డిపోలోనూ తూకం లేదు.

ఇక వలస. వాన తప్పిన ఏడు పశ్చిమ మండలాల నుంచి కుటుంబాలు గుంటూరు, పల్నాడు మిరప కోతలకు పోతాయి. హైదరాబాదు, బెంగళూరు భవనాల పనులకు పోతాయి. ఇక్కడ ఒక్క విషయమే గమనించాలి. వలస కొత్త అనుభవం ఇస్తుంది కానీ చెప్పుకునే చోటును చెదరగొడుతుంది. చెక్కభజనకు దళం కావాలి, దళానికి రోజూ సాయంత్రం ఒకే చోట చేరే పదిమంది కావాలి. ఆ పదిమందిలో నలుగురు మేస్త్రీ వెంట వెళ్లిపోతే భజన ఆగిపోతుంది. అందుకు ఎవరి ప్రతిభా తగ్గాల్సిన పని లేదు.

పక్కపక్కన పెట్టి చూస్తే

రసవాదం, స్వానుభవవాదం, సానుభూతివాదం మూడింటినీ ఈ నేల మీద నిలబెడితే ఒక్కోటి ఎంతవరకు నడుస్తుందో తెలుస్తుంది. రసవాదం వినేవాడి విలువ చెప్పింది, వినేవాడిగా లెక్కకొచ్చేది ఎవరో అడగలేదు. స్వానుభవవాదం ఆ ప్రశ్నే అడిగింది. నా మటుకు తెలుగు సాహిత్య విమర్శకు గత నలభై ఏళ్లలో దక్కిన అతి పెద్ద లాభం అదే. కానీ పలకలు చీల్చిన పిల్లలు ఎందుకు రాయలేదో అది చెప్పలేదు, ఎందుకంటే రాసినవాళ్ల హక్కు గురించే దాని చింత. సానుభూతివాదం మంచి నవలలు చూపిస్తుంది. చెంచులక్ష్మి సినిమాలు కూడా తన ఖాతాలోవేనని మాత్రం ఒప్పుకోదు. అన్యుడి ఊహ ఎప్పుడు మాలపల్లి అవుతుంది, ఎప్పుడు ఆకుల గౌను వేసిన నృత్యం అవుతుంది అన్నదానికి దాని దగ్గర కొలత లేదు. నాకు కనిపించే కొలత ఒకటుంది. రాసినదాన్ని, ఎవరి గురించి రాశారో వాళ్లు విని, తప్పుపట్టి, రచయితను ఇబ్బంది పెట్టగలిగే స్థితిలో ఉన్నారా? ఉన్నవ కాలానికి ఆ అవకాశం కొద్దిగానైనా మొదలైంది. సినిమా హాల్లో చెంచులకు అది లేదు.

ఎదురు ప్రశ్నలు

ఈ వాదనకు మొదటి అభ్యంతరం పక్కనే వినుకొండ నుంచి వస్తుంది. 1895లో అక్కడ పుట్టిన గుర్రం జాషువాకు ఏ పరిస్థితులు కలిసొచ్చాయి? పేదరికం, అవమానం తప్ప ఏముంది? అయినా 1941లో గబ్బిలం వచ్చింది కదా, ప్రతిభ ఉంటే దారి దానంతటదే దొరుకుతుంది కదా అంటారు. జాషువా జీవితం దీనికి సరిగ్గా ఎదురు చెబుతుంది. ఆయన తనకు నిషిద్ధమైన పద్య విద్యను పట్టుదలతో సంపాదించాడు. ఏ సభలు ఆయన్ను అవమానించాయో ఆ సభల రూపంలోనే ఆ సభలకే తిరిగి చెప్పాడు. వాళ్లు వినక తప్పని భాషలో చెప్పాడు. మేఘసందేశం ఎత్తుగడను తీసుకుని, గుడిలోకి తనకన్నా ముందు గబ్బిలానికి ప్రవేశముందని చూపడం అనుభవ బలమూ, నేర్పు బలమూ కలిసి చేసిన పని. నేర్పు దొరకని జాషువాలు ఎందరో ఆయన ఒక్కడి విజయం నుంచి లెక్కగట్టలేం.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. జానపదులకు తీరిక ఎక్కడిది, పుస్తకం ఎక్కడిది, అయినా వేల పాటలు కట్టలేదా? బిరుదురాజు రామరాజు 1950ల్లో జానపద గేయాల మీద పరిశోధన చేసి వాటికి విశ్వవిద్యాలయంలో చోటు కల్పించడానికి ముందే ఆ పాటలున్నాయి. నిజమే. కానీ ఆ పాటకు పనిలోనే సమయం దొరికింది, పక్క సాలులోని మనిషే శ్రోత. కలుపు తీసేచోట ఒకరు ఎత్తుకుంటే పదిమంది అందుకునేవాళ్లు. కలుపుమందు వచ్చి ఆ వరస పోయింది. మిగిలినచోట ఫోను స్పీకరు పాడుతోంది. జానపదం నా వాదనకు మినహాయింపు కాదు. శ్రోత పనిలోనే కలిసి ఉన్న కాలానికి అది సాక్ష్యం.

మూడోది నైతికమైన అభ్యంతరం. పరిస్థితులే ముఖ్యమంటే స్వానుభవం చెప్పినవాళ్ల అధికారాన్ని తగ్గించినట్టు కాదా? కాదనే అనుకుంటాను. మా బతుకు మేమే చెప్పుకుంటామన్న మాటలో పత్రికలో చోటు, సంకలనంలో చోటు, సభలో వేదిక కావాలన్న మాట కూడా ఉంది. 1990ల్లో ఆ చోటు పోరాడి తీసుకున్నారు. బుర్రకథ నాజర్ కథ కూడా గుర్తుచేసుకోవాలి. ప్రజానాట్యమండలి ఆయనకు ఊరూరా శ్రోతల్ని ఇచ్చింది. ఆయన ఆత్మకథ పింజారిని అంగడాల వెంకటరమణమూర్తి రాసిపెట్టారు. అక్కడ కర్త ఎవరంటే నాజరే. విని రాసే ఓపిక గల ఇంకొకరు లేకపోతే మాత్రం ఆ పుస్తకం మన చేతికొచ్చేది కాదు.

అనుభవం లేని పద్యం

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక ఈ పాత చర్చ కొత్త వేషం కట్టింది. యంత్రానికి బతుకు లేదు కనుక అది చేసేది సృజన కాదని ఒక వర్గం. సృజన మీద పరిశోధించిన మార్గరెట్ బోడెన్ దాన్ని మూడు రకాలుగా విడగొట్టింది: ఉన్నవాటిని కొత్తగా కలపడం, ఒక పద్ధతి లోపలి సందులన్నీ వెతకడం, ఆ పద్ధతినే మార్చేయడం. మొదటి రెండూ మనుషులు చేస్తే సృజన అని మెచ్చుకుంటాం, యంత్రం చేస్తే ఎందుకు కాదనాలి అని రెండో వర్గం.

ఇక్కడా ప్రశ్న యంత్రం లోపల ఏముందన్న దగ్గరే ఆగిపోయింది. బయట ఏం మారిందో చూస్తే సంగతి ఇంకోలా కనిపిస్తుంది. ఇన్నాళ్లూ కరువైనది రూపం, అంటే ఛందస్సు, వాక్యనిర్మాణం, అచ్చుకు తగిన భాష. యంత్రం దాన్ని చవక చేసింది. చదువు రాని మనిషి నోటిమాటను రాతలోకి మార్చే సాధనాలు భాషిణి లాంటి ప్రభుత్వ ప్రయత్నాలతో తెలుగులోకీ వచ్చాయి. యర్రగొండపాలెం కూలి మనిషి తన కథను ఎవరి దయా లేకుండా అక్షరాల్లో పెట్టుకునే రోజు ఊహకందేదే. దీన్ని చిన్నచూపు చూసేవాళ్లకు బహుశా రూపం ఎప్పుడూ కరువు కాలేదు.

అయితే ఆ యంత్రం నేర్చుకున్నది ఇప్పటికే రాసి ఉన్న తెలుగు నుంచి. రాసి ఉన్న తెలుగులో చెంచు ఎలా ఉన్నాడో చూశాం. అడిగితే అది మళ్లీ చెంచులక్ష్మినే ఇస్తుంది, ఈసారి కెమెరా ఖర్చు కూడా లేకుండా. పల్లె మనిషి మాటను సరిదిద్దే పేరుతో ఆ మాటలోని యాసను, తడబాటును, కోపాన్ని నున్నగా చేసి ఇచ్చే ప్రమాదమూ ఉంది. యూట్యూబు జానపదాన్ని చూస్తే దీని పోకడ అర్థమవుతుంది. పాటకు లక్షల చెవులు దొరికాయి, పాడినవాళ్లకు పేరూ కొంత డబ్బూ వచ్చాయి. అయితే ఏ పల్లవి నిలుస్తుందో తేల్చేది ముందే తయారైన డీజే దరువు. శ్రోత దొరికాడు కానీ అందుకుని పాడే శ్రోత కాదు, వేలితో జరిపేసే శ్రోత.

తేలని సంగతులు

కొన్ని ప్రశ్నలకు ఈ వాదన కూడా జవాబు ఇవ్వలేదు. శ్రోత ఉండాలన్నాం సరే, ఆ శ్రోతను ఎవరు తయారుచేయాలి? 1985లో పుట్టిన తెలుగు విశ్వవిద్యాలయం లాంటి సంస్థలు కళలను భద్రపరచగలవు, దళాన్ని కూర్చోబెట్టలేవు. వెలిగొండ సొరంగాల్లోంచి నీళ్లు పారి వలస ఆగితే చెక్కభజన తిరిగి వస్తుందా? రాకపోవచ్చు. నీళ్లున్న డెల్టాలో మాత్రం దళాలు నిలిచాయా? పరిస్థితులు మెరుగైనంత మాత్రాన సృజన పుడుతుందని చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. అవి లేకపోతే అది చేరదని మాత్రమే చూపగలం.

హక్కుల సంగతి ఇంకా చిక్కు. 1957 కాపీరైటు చట్టం పేరున్న కర్తను కాపాడుతుంది. 1999 భౌగోళిక గుర్తింపు చట్టం సరుకును కాపాడుతుంది. ఆంధ్ర తోలుబొమ్మలకు ఆ గుర్తింపు వచ్చింది కూడా. గూడెం పాట ఇందులో ఏ గూటిలోనూ సరిగా ఇమడదు. దానికి కర్త ఒక్కడు కాడు, అది సరుకూ కాదు. 2024 మేలో జెనీవాలో ప్రపంచ మేధాసంపత్తి సంస్థ దేశాలు కుదుర్చుకున్న ఒప్పందం జన్యు వనరులకు, వాటితో ముడిపడిన సంప్రదాయ జ్ఞానానికి పరిమితమైంది. పాట, ఆట, కథ దాని బయటే ఉండిపోయాయి. అంటే చెంచులు వాడే మూలిక గురించి ఎవరైనా పేటెంటు అడిగితే ఆ మూలిక ఎక్కడిదో చెప్పమనడానికి ఇప్పుడు ఒక దారి పడుతోంది. అదే గూడెంలో రికార్డు చేసిన పాట సినిమాలోకి వెళ్లినా, యంత్రానికి మేతగా వెళ్లినా, ఎవరిని అడగాలో, ఎవరికి చెల్లించాలో చెప్పే నియమం ఇంకా రాయలేదు.